దుర్భేద్యం, అజేయం, ఎనిమిది గొట్టాలు

ఆల్ప్స్ కోటల మీద ఎవరు వీడియో పెట్టినా రెండో వాక్యంలో "శత్రు దుర్భేద్యం" పడాల్సిందే. శుభలేఖలో "సకుటుంబ సపరివార సమేతంగా" లాంటిదే ఈ మాట కూడా. ఎవరూ చదవరు, తీసేసే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండదు. డ్రోను మబ్బుల్ని చీల్చుకుంటూ లేస్తుంది. వెనక వయొలిన్లు ఏడుస్తాయి. తెర మీద అక్షరాలు పడతాయి: "మేఘాల కోట. 3,131 మీటర్లు. దుర్భేద్యం."

సరే, అంత గొప్ప కోట అంటున్నారు కాబట్టి చెప్పులు బయట విడిచి, భక్తిశ్రద్ధలతో ఒక ప్రదక్షిణ చేద్దాం.

కొండ పేరు షాబెర్టన్. ఇటలీలోని సూసా లోయకీ, ఫ్రాన్స్‌లోని బ్రియాన్సోన్ పట్టణానికీ మధ్య, మోంజెనెవ్ర్ కనుమ నెత్తిన ఉంటుంది. 1882లో ఇటలీ వెళ్ళి జర్మనీ, ఆస్ట్రియాలతో జట్టు కట్టింది కాబట్టి శత్రువు ఫ్రాన్సేనని తేలిపోయింది. 1898లో పని మొదలుపెట్టారు. ఫెనిల్స్ ఊరి నుంచి మెలికలు తిప్పుతూ దాదాపు 14 కిలోమీటర్ల సైనిక బాట వేశారు. శిఖరం మొనదేలి ఉంటే దాన్ని చెక్కి చదును చేశారు. ఆ చదును మీద ఒకే వరుసలో ఎనిమిది గుండ్రటి బురుజులు, ఒక్కోటీ సుమారు 12 మీటర్ల ఎత్తున కట్టారు. అంత ఎత్తెందుకంటే, చలికాలం పేరుకునే మంచులో ఫిరంగి కూరుకుపోకుండా. ఇది మాత్రం నిఖార్సైన తెలివే, ఒప్పుకోవాలి. బురుజు నెత్తిన 149 మిల్లీమీటర్ల ఫిరంగి, దాని మీద గుండ్రంగా తిరిగే ఉక్కు తొడుగు. తొడుగు పలచన. ఇంత ఎత్తుకి శత్రువు గుండు ఎలా వస్తుందన్నది ధీమా.

ఇప్పుడు ఫ్రాన్స్ వైపు లోయలో నిలబడి తలెత్తి చూడండి. ఆకాశం అంచున ఆ ఎనిమిది బురుజులూ ఎనిమిది గొట్టాల్లా, కొలిచి నాటినట్టు సమాన దూరంలో. వెనక చెట్టు లేదు, గుట్ట లేదు, ఖాళీ ఆకాశం. గురి పెట్టేవాడికి ఇంత మర్యాద చేసిన కోట ఇంకోటి ఉంటుందా? ఎడమ నుంచి మూడోది అంటే చాలు, పటం విప్పక్కర్లేదు. గుండు గురి తప్పితే పక్క గొట్టాన్ని చూసుకుని ఎంత తప్పిందో లెక్క కట్టుకోవచ్చు. పిల్లలకి ఎక్కాలు నేర్పడానికి కూడా పనికొచ్చేది. కోట దాక్కుంటే పరువు తక్కువ అనుకున్నారు కాబోలు. ఆల్ప్స్‌లో అంత ఖర్చు పెట్టి, అంత బరువు మోసి, అంత పైకెక్కించి పెట్టిన దిష్టిబొమ్మ ఇంకోటి లేదు. పైగా అది దిష్టి తీసేది కాదు, తగిలించుకునేది.

ఎత్తే ఘనతైతే బార్డ్ కోటని ఏమనాలి? ఇటలీలోనే ఆవోస్తా లోయ ఇరుకైపోయే చోట, నది పక్కన ఒక బండ మీద ఉంటుంది. 1800 మే నెలలో దాదాపు నాలుగు వందల మంది ఆస్ట్రియా సైనికులు అందులో కూర్చుని, నలభై వేల సైన్యంతో దిగొచ్చిన నెపోలియన్‌ను రెండు వారాలు ఆపారు. ఫ్రెంచి వాళ్ళు రాత్రిపూట వీధంతా గడ్డి, పేడ పరిచి, చక్రాలకు ఎండుగడ్డి చుట్టి, ఫిరంగుల్ని చప్పుడు లేకుండా లాక్కుపోవాల్సి వచ్చింది. నెపోలియన్‌కి ఎంత మండిందంటే, కోట లొంగాక నేలమట్టం చేయించాడు. దారికి అడ్డం పడటమే కోట పని, బార్డ్ ఆ పని చేసింది. షాబెర్టన్ ఫొటోలో బాగా పడుతుంది.

ఇక 1915లో ఇటలీ జట్టు మార్చింది. నిన్నటి శత్రువు బావమరిది అయ్యాడు, నిన్నటి మిత్రుడి మీద యుద్ధం. షాబెర్టన్ ఫిరంగుల్ని ఊడదీసి కిందికి దింపి ఆస్ట్రియా వైపు పంపారు. యుద్ధం అయ్యాక మళ్ళీ పైకెక్కించారు. దుర్భేద్య దుర్గానికి తీరిక వేళల్లో ఇదో వ్యాయామం.

సరదా ఇక్కడితో ఆపాలి. ఆ 1915లోనే, జూన్ 12న, ఆసియాగో పీఠభూమి మీద ఇటలీ వాళ్ళదే వెరెనా కోట కప్పును ఆస్ట్రియా 305 మిల్లీమీటర్ల మోర్టారు గుండు చీల్చుకుని లోపల పేలింది. నలభై మందికి పైగా అక్కడికక్కడే పోయారు. ఫిరంగి గుండు వాలుగా దూసుకుపోతుంది, మోర్టారు గుండు నిటారుగా లేచి నడినెత్తిన పడుతుంది. కొండ చాటున పెట్టిన మోర్టారును కోట ఫిరంగితో కొట్టడం కుదరదు, మోర్టారు మాత్రం కోటను కొడుతుంది. ఈ పాఠం నలభై ప్రాణాలు పోసి కొనుక్కున్నది. పాతికేళ్ళు టైముంది. ఆ పాతికేళ్ళలో ఏం చేశారు? ఆ గొట్టాల మీదికే ఎక్కించి, ఆ పలచటి రేకుల కిందే మళ్ళీ మనుషుల్ని కూర్చోబెట్టారు. కూర్చోబెట్టినవాళ్ళెవరూ రేకుల కింద లేరు.

1940 జూన్ 10న ఇటలీ నియంత ముస్సోలినీ ఫ్రాన్స్ మీద యుద్ధం ప్రకటించాడు. అప్పటికే జర్మనీ చేతిలో ఓడుతున్న ఫ్రాన్స్ 17న కాల్పులు ఆపమని జర్మనీని అడిగేసింది. అంటే ఎదుటివాడు పడిపోయాక, 21న ఇటలీ ఆల్ప్స్‌లో దాడికి దిగింది. ఆ రోజు బ్రియాన్సోన్ వైపు కొండల చాటున ఫ్రెంచి లెఫ్టినెంట్ మిగే దగ్గర 280 మిల్లీమీటర్ల మోర్టార్లు నాలుగు ఉన్నాయి. ఒక్కో గుండు రెండు వందల కిలోల పైమాటే. మబ్బు కమ్మినంతసేపూ కోటకు రక్ష. మధ్యాహ్నం దాటాక మబ్బు విడిచింది, ఎనిమిది గొట్టాలూ ఆకాశం మీద గీసినట్టు కనిపించాయి. సాయంత్రానికి ఆరు పోయాయి. పదిమంది దాకా చచ్చిపోయారు. దుర్భేద్యం అట!

ఆ నాలుగు రోజుల ఆల్ప్స్ దాడిలో ఇటలీ సైన్యంలో చనిపోయినవాళ్ళు ఆరు వందల పైచిలుకు, మంచు కొరికి కాళ్ళూ వేళ్ళూ పాడై ఆసుపత్రుల్లో చేరినవాళ్ళు 2,151 మంది. జూన్ నెలలో. సరైన బూట్లు కూడా ఇవ్వకుండా పంపారు. సంధి బల్ల దగ్గర కుర్చీ కోసం తనకు కొన్ని వేల శవాలు కావాలని ముస్సోలినీ అన్నట్టు చెబుతారు. దొర అడిగాడు, తెచ్చిచ్చారు.

కుర్చీ దొరికిందిలెండి, కాకపోతే ఓడినవాడి కుర్చీ. 1947 పారిస్ సంధిలో షాబెర్టన్ కొండను కోటతో సహా ఫ్రాన్స్‌కి రాసిచ్చేశారు. సరిహద్దును కాపాడమని కట్టిన కోటకి ఇప్పుడు సరిహద్దు వీపు వెనక ఉంది.

చూడాలనుకునేవాళ్ళు మోంజెనెవ్ర్ నుంచి కాలినడకన వెళ్ళొచ్చు, దాదాపు 1,300 మీటర్లు పైకెక్కాలి. పైన రాళ్ళు జారతాయి. ఆనాటి ముళ్ళతీగ తుప్పుపట్టి ఇంకా రాళ్ళ మధ్య చుట్టలు చుట్టలుగా పడి ఉంటుంది, డ్రోను వైపు చూస్తూ నడిస్తే మడమకు తగులుకుంటుంది. మందపాటి బూట్లు వేసుకోండి.