బాలింత కోడి

ఇది కోడి అని మా అత్తగారిని ఒప్పించడానికే నాకు రెండు రోజులు పట్టింది.

అట్టపెట్టె మూత తీయగానే ఆవిడ తొంగి చూసి, "కుందేళ్ళు తెచ్చారా అల్లుడు గారూ?" అన్నారు. తప్పు ఆవిడది కాదు. మామూలు ఈకలో పోచలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే సన్నని కొక్కేలు ఉంటాయి. సిల్కీ కోడి ఈకకు అవి లేవు. అందుకని ఒళ్ళంతా ఏకిన దూదిలా విచ్చుకుని ఉంటుంది. 13వ శతాబ్దంలో చైనా చూసి వచ్చిన మార్కోపోలో, అక్కడి కోళ్ళకు ఈకలకు బదులు పిల్లిబొచ్చు ఉంటుందని చెప్పాడు. ఆ మాట విన్నవాళ్ళు ఆయన్ని ఎలా చూసి ఉంటారో నాకిప్పుడు బాగా తెలుసు.

పైన తెలుపే గానీ బొచ్చు తప్పించి చూస్తే తోలు కారునలుపు. మాంసం, ఎముకలు కూడా అంతే. కాలికి నాలుగు వేళ్ళు చాలవన్నట్టు అయిదు. నెత్తిన ఇంత బొచ్చుముడి. అది కళ్ళ మీద పడుతుంటుంది కాబట్టి, ముక్కు ముందున్న నూకగింజను కూడా ఊహించుకునే తినాలి.

మాది తణుకు. సంక్రాంతి వచ్చిందంటే పెరట్లో ఉన్న కోడిని బట్టి మనిషికి మర్యాద దక్కే చోటు. పక్కింటి బాబాయి గారు దారిలో పడి ఉన్న ఈకను చూసి, అది డేగదో నెమలిదో, అంటే ఏ రంగు పందెంకోడిదో చెప్పేయగలరు. ఆయన నా పుంజును రెండు చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, చాలాసేపు ఆలోచించారు.

"ఈక చూస్తే తెల్లటి సేతు. తోలు చూస్తే నల్లటి కాకి. పట్టుకుంటే దిండు. దీన్ని కోళ్ళ శాస్త్రంలో ఎక్కడ పెట్టాలిరా అబ్బాయీ?"

కాసేపటికి, "పోనీ కడక్‌నాథా?" అన్నారు ఆశగా. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కడక్‌నాథ్‌ కోడి మాంసమూ నలుపే, దానికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ దానికి కోడికి ఉండవలసిన ఈకలున్నాయి, కోడికి ఉండవలసిన పరువూ ఉంది. కాదని చెప్పాను. ఆయన దిండును జాగ్రత్తగా కింద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

పుంజు అన్నాను కదా, ఆ ముచ్చట కూడా ఎంతో కాలం నిలవలేదు. అమ్మినతను జత అనే ఇచ్చాడు. మేమూ రాజా, రాణి అని పేర్లు పెట్టుకున్నాం. సిల్కీల్లో పుంజేదో పెట్టేదో అయిదారు నెలలు వచ్చినా చాలాసార్లు అంతుపట్టదు, అంతా బొచ్చు కప్పేస్తుంది. ఏడో నెలలో ఒక ఉదయం రాజా గుడ్డు పెట్టాడు. మా అమ్మాయి అప్పటికే పేరుకు అలవాటు పడిపోయింది కాబట్టి, ఇప్పటికీ మా ఇంట్లో "రాజా గుడ్డు పెట్టాడు" అనే అంటాం. కొత్తగా వచ్చిన బంధువులు ఈ మాట విని మంచినీళ్ళు అడుగుతారు.

గుడ్ల సంగతికి వస్తే, సిల్కీ ఏడాదికి నూరు పెడితే గొప్పే. పదో పదిహేనో పెట్టగానే దాని మనసు మాతృత్వం మీదికి పోతుంది. ఇంట్లో పుంజే లేకపోతే ఆ గుడ్లు పిల్లలు ఎలా అవుతాయన్న ఆలోచన దానికి ఉండదు. అసలు గుడ్డే కావాలన్న పట్టింపు కూడా లేదు. మేము గుడ్లు తీసేస్తే, రాణి మెట్ల కింద గోనెసంచి మీద ఆరబోసిన ఉల్లిపాయల మీద కూర్చుంది.

సరదాకి కూర్చుందనుకున్నాం. సాయంత్రం మా ఆవిడ కూరకు ఉల్లిపాయ కోసం చెయ్యి పెడితే, అది దిబ్బరొట్టెలా నేలకు అతుక్కుపోయి, బొచ్చంతా పొంగించి, గుర్రుమంది. పొట్ట కింద చూస్తే నాలుగు ఉల్లిపాయలు, చక్కగా వెచ్చగా ఉన్నాయి. తీసేద్దామంటే మా అత్తగారు అడ్డం పడ్డారు. "పొదుగు మీద ఉన్న ఆడదాన్ని లేపితే ఉసురు తగులుతుంది." ఆ పది రోజులూ ఇంట్లో అయిదు కిలోల ఉల్లిపాయలు పెట్టుకుని, అంగడిలో అరకిలో చొప్పున కొనుక్కున్నాం.

చివరికి జాలిపడింది బాబాయి గారే. ఆరు బాతుగుడ్లు తెచ్చి, చీకటి పడ్డాక ఉల్లిపాయలు తీసి గుడ్లు తోశారు. రాణికి తేడా తెలియలేదు. మా అత్తగారికి మాత్రం బాధ్యత పెరిగింది. కోడిగుడ్డయితే 21 రోజులు, బాతుగుడ్డుకు 28. పాపం వారం రోజులు ఎక్కువ మోయాలి కదా అని, పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురికి జరిపినట్టు జరిపారు. రోజుకు ఒక్కసారి అది లేచే వేళ కనిపెట్టి, తడిపిన నూకలు, సన్నగా తరిగిన తోటకూర, మజ్జిగ చుక్క. నాకు ఆ నెలంతా చల్లారిన కాఫీయే. 28వ రోజున అయిదు పసుపుపచ్చని పిల్లలు బయటికి వచ్చాయి. ఆరోది రాలేదు. ఆవిడ దానికి కూడా కాసేపు ముక్కు చీదారు.

అసలు కథ శ్రావణ శుక్రవారం నాడు జరిగింది.

పొద్దుటి నుంచి ముసురు. కొబ్బరిచెట్టు పాదు నిండి, చిన్న చెరువులా ఉంది. రాణి పిల్లలను వెంటేసుకుని, మట్టి గీకి పురుగు చూపిస్తూ అటు వెళ్ళింది. పిల్లలు పురుగును చూడలేదు. పాదును చూశాయి. ఒకదాని వెనక ఒకటి టపటపా దూకేశాయి.

రాణి పెట్టిన కేకలకు వీధి కుక్కలు కూడా ఊరుకున్నాయి. గట్టు చుట్టూ మూడుసార్లు పరుగెత్తింది. పిల్లలు హాయిగా ఈదుతున్నాయి. దీనికి కళ్ళు సరిగా కనిపించవాయె, అవి మునిగిపోయాయనే అనుకుని ఉంటుంది, తానూ దూకేసింది.

కొక్కేలు లేని ఈక నీటిని ఆపదు, పీల్చుకుంటుంది. నేను బురదలోకి దిగి పైకి తీసేసరికి చేతిలో కోడి లేదు. నల్లటి పిడికెడు ప్రాణం, రెండు కాళ్ళు, పది వేళ్ళు. మా అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చింది. గోరువెచ్చని నీళ్ళతో బురద కడిగి, తువ్వాలులో చుట్టి, వరండాలో ఒళ్ళో పెట్టుకుని గాలి కొట్టడం మొదలుపెట్టాం. పది నిమిషాలకు ఒక రెక్క దూదిలా పొంగింది. రాణి కళ్ళు మూసుకుని మెడ చాచింది, క్షౌరశాలలో పెద్దమనిషిలా. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సగం కోడి తెలుపు, సగం నలుపు, మొత్తం వణుకు.

"తప్పుకోండి" అన్నారు మా అత్తగారు. అయిదు నిమిషాల్లో కుంపటి రాజేసి తెచ్చారు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా, నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి వేసేశారు. కోడి తుమ్మింది. నేను దాన్ని ఎడంగా జరిపి పొగ విసురుతూ, బనీను మీద బురదతో, ఒళ్ళో తువ్వాలు మూటతో ఉండగా గేటు చప్పుడైంది. పేరంటానికి పిలవడానికి వీధి చివరి ఇంటి ఆడవాళ్ళు ముగ్గురు.

సాంబ్రాణి వాసన పీల్చి, మూట చూసి, పెద్దావిడ ముఖం విప్పారింది.

"పురుడెవరికండీ?"

"మా రాణికి" అన్నారు మా అత్తగారు, విసనకర్ర ఆపకుండా.

"మాట మాత్రం చెప్పలేదేం! ఆడపిల్లా, మగపిల్లాడా?"

"ఇప్పుడే చెప్పలేం. అయిదుగురు."

ఆవిడ చేతిలో కుంకుమ భరిణె అలాగే ఉండిపోయింది. "అయిదుగురే! ఎక్కడున్నారు పిల్లలు?"

"చెప్పిన మాట వింటేనా? పాదులో ఈదుతున్నారు" అంటూ మా అత్తగారు ఆవిడ చేతిలోని భరిణె అందుకుని, తువ్వాలు తొలగించి, తడి బొచ్చుముడి పక్కకు తోసి, రాణికి నుదురు ఎక్కడ ఉందో వెతకడం మొదలుపెట్టారు.