గడువు అడగడమే అలవాటైంది

రోజువారీ పనుల్లో సాయం చేస్తూ వృద్ధులను చూసుకునే అసిస్టెడ్ లివింగ్ కేంద్రాల్లో జనరేటర్ ఉండి తీరాలని ఎక్కడ నిబంధన తెచ్చినా, దాని వెన్నంటే గడువు పెంచమనే అర్జీ వస్తుంది. ప్రభుత్వం ఒక్కసారి తలూపితే చాలు, రెండో అర్జీకి మొదటి మంజూరే ఆధారమవుతుంది.

అమెరికాలోని ఫ్లోరిడానే చూడండి. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను వెళ్లిపోయాక ఆ రాష్ట్రంలోనే ఉన్న హాలీవుడ్ నగరంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో, అంటే వృద్ధులుండే వైద్య సంరక్షణ కేంద్రంలో, వేడికి తాళలేక 12 మంది చనిపోయారు. అక్కడ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఏసీకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ మాత్రమే ఆగింది. పెద్దాసుపత్రి రోడ్డుకు అవతలే ఉంది. ఆ ఘోరం తర్వాత అసిస్టెడ్ లివింగ్ కేంద్రాలకూ నిబంధన వచ్చింది. కరెంటు పోయినా 96 గంటలపాటు వృద్ధులుండే చోట వేడి 81 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 27 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. 17 పడకలు, అంతకు మించి ఉన్నచోట 72 గంటలకు, చిన్నచోట 48 గంటలకు సరిపడా ఇంధనం ఆవరణలోనే ఉండాలి. గడువు 2018 జూన్ 1. దాన్ని 2019 జనవరి 1 దాకా పొడిగించుకునే వీలూ ఇచ్చారు. అట్లాంటిక్ తుపాన్ల కాలం మొదలయ్యేది జూన్ 1న, ముగిసేది నవంబరు 30న. అంటే ఏ కాలానికి భయపడి నిబంధన తెచ్చారో, ఆ కాలం మొత్తం శాశ్వత ఏర్పాటు లేకుండానే గడిపేసే దారి తెరిచారు. 2018 అక్టోబరు 10న తీరం దాటిన మైకేల్ తుపాను ఎవరి పొడిగింపు పత్రమూ చూడలేదు.

ఆరు పడకల చిన్న కేంద్రాలకు ఇది మోయలేని ఖర్చని, చివరికి ఫీజులే పెరుగుతాయని యాజమాన్యాల వాదన. అందులో నిజం లేకపోలేదు. రుణమివ్వండి, రాయితీ ఇవ్వండి. గడువు మాత్రం ఇవ్వకండి.

ఎందుకంటే కరెంటు పోతే పోయేది దీపం ఒక్కటే కాదు. అత్యవసర దీపాల బ్యాటరీ గంటన్నర కోసం తయారైంది. గాలి నుంచి ఆక్సిజన్ తీసి నిమిషానికి 5 లీటర్లిచ్చే ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌కు నిరంతరాయంగా సుమారు 300 వాట్లు కావాలి. ఇంట్లో వాడే రకాలకు సాధారణంగా బ్యాటరీ ఉండదు, పక్కన నిండు సిలిండర్ ఉండాల్సిందే. పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు చప్పబడిపోతుంది. ఇన్సులిన్ ఫ్రిజ్ 8 డిగ్రీల సెల్సియస్ పరిమితి దాటుతుంది. అగ్నిప్రమాద భద్రత కోసం తలుపుల అయస్కాంత తాళాలు కరెంటు పోగానే వాటంతట అవే తెరుచుకుంటాయి. మతిమరుపు రోగులుండే విభాగంలో దాని అర్థమేమిటో వేరే చెప్పాలా?

జనరేటర్ కొని పెరట్లో దింపితే నిబంధన పాటించినట్లు కాదు. ఏసీ లైను అసలు జనరేటర్ కరెంటు అందే అత్యవసర ప్యానెల్ మీద ఉందా అన్నది మొదటి ప్రశ్న. చాలాచోట్ల ఉండదు. ఏసీ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆ లెక్క వేయకుండా తెచ్చిన యంత్రం అప్పుడే చతికిలబడుతుంది. 100 కిలోవాట్ల డీజిల్ జనరేటర్ పూర్తి లోడు మీద గంటకు సుమారు 28 లీటర్లు తాగుతుంది, 72 గంటలకు రెండు వేల లీటర్లు దాటుతుంది. 200 లీటర్ల ట్యాంకు చూపించి ‘సిద్ధం’ అనేవారికి ఉన్నది ఏడు గంటలే. మిగతాది సరఫరాదారు తెస్తాడట! అదే ట్యాంకర్ ఎన్ని కేంద్రాలకు మాటిచ్చిందో, రోడ్డు మీద చెట్లు పడితే ఎలా వస్తుందో ఎవరైనా అడిగారా? యంత్రాన్ని ఎత్తులో పెడితే సరిపోదనీ తెలుసు. 2012లో శాండీ తుపానుకు న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో జనరేటర్లు 13వ అంతస్తులో క్షేమంగానే ఉన్నాయి, ఇంధన పంపులే నేలమాళిగలో మునిగాయి.

ఇక నిర్వహణ. సమయానికి స్టార్ట్ కాకపోవడానికి ఎక్కువగా కారణం స్టార్టింగ్ బ్యాటరీ. రెండు మూడేళ్లకు మార్చాలి, చార్జర్ పనిచేస్తోందో వారం వారం చూడాలి. మెకానిక్ వచ్చి వెళ్లాక స్విచ్ కరెంటు పోగానే తనంతట తానే జనరేటర్ మొదలయ్యే ‘ఆటో’లోకి తిరిగిందో లేదో చూసేవారుండరు. నిల్వ డీజిల్‌లో నీరు చేరి, సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లు మూసుకుపోతాయి. లోడు లేకుండా పది నిమిషాలు తిప్పి రిజిస్టరులో టిక్కు పెట్టడం పరీక్ష కానేకాదు, దానివల్ల కాలని ఇంధనం పొగగొట్టంలో పేరుకుంటుంది. నెలకోసారి కనీసం 30 శాతం లోడు మీద అరగంట నడపాలి. భవనాన్ని లైను కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ కూడా నిజంగా మారాలి.

ఇవన్నీ నేర్చుకోవడానికి రోజులు పడతాయి. గడువు పెరిగిన చోట ఆ నేర్చుకోవడమే మొదలుకాదు. ఆర్డరిచ్చామని కాగితం, అనుమతి రాలేదని కాగితం, మరుసటి ఏడాది మళ్లీ కాగితం. ఈ ఏడాది ఒకరికి ఇచ్చిన సడలింపును వచ్చే ఏడాది పదిమంది హక్కుగా అడుగుతారు. నిబంధన పాటించి డబ్బు ఖర్చుపెట్టినవాడు తెలివితక్కువవాడవుతాడు.

పొడిగింపు ఫైలు మీద సంతకం పెట్టబోయే అధికారులారా, ముందు ఆ కేంద్రంలోకి వెళ్లి పై అంతస్తులో ఏసీ ఆపించి, కిటికీలు మూసుకుని, ఎండాకాలం మధ్యాహ్నం నాలుగు గంటలు కూర్చోండి. సంతకం సంగతి తర్వాత చూద్దాం.