హార్డ్‌నర్ ఎక్కువేస్తే అతుక్కుంటుందట!

నల్లగొండ, మహబూబ్‌నగర్ క్రాఫ్ట్ గ్రూపులన్నిటిలో ఒకటే మెసేజ్. రెజిన్‌లో పెళ్లి దండలు పొదిగేవాళ్లు, నేమ్ ప్లేట్లు చేసేవాళ్లంతా "అక్కా, నిజమేనా?" అంటూ నాకే పంపుతున్నారు. అందులో ఉన్నదిది: గట్టిపడిన ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి పోస్తే గాజులా గట్టిపడే రెజిన్) మీద కొత్తది నేరుగా పోయొచ్చు, ఎమరీ పేపర్ రుద్దితే గీతలు ఉండిపోతాయి, హీట్ గన్‌తో పాత పొరను కరిగించాలి, హార్డ్‌నర్ (రెజిన్‌ను గట్టిపరిచే రెండో ద్రవం) కాస్త ఎక్కువేస్తే గట్టిగా పట్టుకుంటుంది, పొద్దున పూటే పోయాలి.

నేరుగా పోయడం కుదురుతుంది, పాత పొర ఇంకా జిగటగా ఉంటేనే. గ్లవ్స్ వేలితో నొక్కితే ముద్ర పడాలి, రెజిన్ మాత్రం వేలికి అంటకూడదు. ఆ దశ దాటి పూర్తిగా గట్టిపడ్డాక అది అద్దం. కొత్త పొర దాని మీద కూర్చుంటుందే తప్ప పట్టుకోదు, కొన్నాళ్లకు పెచ్చులా లేస్తుంది. గరుకు చేయాల్సిందే. గీతల భయం వద్దు, కొత్త రెజిన్ వాటిలోకి దిగగానే మాయమవుతాయి. వానాకాలంలో గాలి తేమకు పైన జిడ్డు పొర కడుతుంది. ముందు నీళ్లు, స్క్రబ్బర్‌తో దాన్ని కడిగి, ఆరాకే రుద్దండి. కడగకుండా రుద్దితే జిడ్డు ఇంకా పులుముకుంటుంది.

హీట్ గన్? గట్టిపడిన ఎపాక్సీ కరగదు. మాడుతుంది.

ఇక హార్డ్‌నర్. ఈ ముక్క రాసినవారు ఫైబర్ షీట్ల పని చూసి ఉంటారు. అక్కడ వాడేది పాలియెస్టర్ రెజిన్. అందులో వేసే చుక్కలు ఉత్ప్రేరకం కాబట్టి కాస్త పెంచితే త్వరగా గట్టిపడుతుంది. ఎపాక్సీలో హార్డ్‌నర్ కూడా అసలు సరుకే. డబ్బా మీద 2:1 అంటే రెండు పాళ్ల రెజిన్‌కి ఒక పాలు హార్డ్‌నరే. ఎక్కువైన హార్డ్‌నర్‌కు జోడీ దొరక్క లోపలే మిగిలిపోతుంది. పొర మెత్తగా, జిగటగా ఉండిపోతుంది. అతుక్కోవడం మాట నిజమే, మీ చేతికి! ఆ మిగిలిన హార్డ్‌నర్ చర్మానికి అలర్జీ తెప్పించగలదు. అది ఒకసారి పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం వదలదు, ఆ తర్వాత హార్డ్‌నర్ కలిపిన రెజిన్ కొద్దిగా తగిలినా దద్దుర్లే. అలాంటి కీచైన్ చేసి పిల్లల చేతికిస్తారా? చిట్కా పంపిన పెద్దమనిషిని ముందు తన చేతి మీద పూసుకోమనండి.

పొద్దున పూటే పోయాలన్నది ముహూర్తం లెక్కనుకుని నవ్వుకున్నా. కానీ మన మే నెల ఎండలో మధ్యాహ్నం పెద్ద కప్పులో కలిపితే పోసేలోపే వేడెక్కి గడ్డకడుతుంది. ఆ ఒక్కదానికి నా ఓటు కూడా వేసుకోండి.