డ్రైవర్ సీటు గారికి, నడుము పట్టేసినవాడు వ్రాయునది

మహారాజశ్రీ డ్రైవర్ సీటు గారి దివ్య సముఖమునకు,

నమస్కరించలేక వ్రాయునది ఏమనగా,

ఇచ్చట మేము క్షేమం, అచ్చట మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మా పెద్దవాళ్ళ అలవాటు. ఇచ్చట నేను క్షేమంగా లేను. హాల్లో చాప మీద వెల్లకిలా పడుకొని, మోకాళ్ళ కింద రెండు దిళ్ళు పెట్టుకొని, ఫోన్ ముక్కు మీద పడకుండా రెండు చేతులతో పట్టుకొని ఇది టైప్ చేస్తున్నాను. మీరు మాత్రం కింద సెల్లార్లో, చల్లటి నీడలో, నిటారుగా ఉన్నారు. మీకేం, మీ వెన్ను ఇనుముది.

నిన్న విజయవాడ దగ్గర గొల్లపూడిలో మా పిన్ని కొడుకు గృహప్రవేశం. హైదరాబాద్ వనస్థలిపురంలో తెల్లవారుజామునే బయల్దేరాం. దాదాపు 250 కిలోమీటర్లు మీ ఒడిలో కూర్చున్నాను. సత్యనారాయణ వ్రతం మూడో అధ్యాయంలో ఉండగా వాళ్ళ ఇంటి ముందు కారు ఆపాను. తలుపు తీశాను. కుడికాలు బయట పెట్టాను. అంతవరకు ఒళ్ళు నా మాట వింది. లేవబోయేసరికి నడుముకి ఎవరో లోపల నుంచి గొళ్ళెం పెట్టినట్టయింది. కొడవలిలా వంగిపోయి, అలాగే రెండడుగులు వేశాను. ఎదురుగా పందిరి కింద కుర్చీలో మా పిన్ని అత్తగారు, బామ్మగారు. 86 ఏళ్ళు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. కాళ్ళకు దండం పెట్టడానికి వంగాననుకున్నారు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ‘శీఘ్రమేవ కళ్యాణ ప్రాప్తిరస్తు’ అని నిండుగా దీవించారు.

పక్కనే మా ఆవిడ ఉంది. మాకు పెళ్ళయి 19 ఏళ్ళు.

‘ఎవరబ్బాయోనే, ఈ కాలంలో ఇంత వినయం ఎక్కడుంది’ అని బామ్మగారు పక్కావిడతో అంటున్నారు. నేను లేస్తే కదా ఎవరబ్బాయినో తెలిసేది.

అయ్యా, ఆ వినయం నాది కాదు. మీరు చేయించింది. అది ఎలా చేయించారో మీకు గుర్తు చేయడానికే ఈ ఉత్తరం.

చౌటుప్పల్ దాటి పంతంగి టోల్ దగ్గర కుడి తొడ తిమ్మిరెక్కింది. చిట్యాలలో ఎడమ భుజం. నార్కట్‌పల్లిలో మెడ. నకిరేకల్ వచ్చేసరికి ఏ భాగం నాది, ఏ భాగం మీది అన్న తేడా పోయింది. కారణం చాలా చిన్నది. మీ కూర్చునే భాగం నా తొడకంటే రెండు వేళ్ళు పొడవు. నేను 5 అడుగుల 3 అంగుళాల మనిషిని. పూర్తిగా వెనక్కి జరిగి ఆనుకుంటే మీ ముందు అంచు మోకాలి వెనక కోసుకుంటుంది, కాసేపటికి పాదం పక్కింటివాళ్ళది అనిపిస్తుంది. ముందుకు జరిగితే పాదానికి ప్రాణం వస్తుంది, కానీ నడుము వెనక ఇంత ఖాళీ. అందులో పిల్లిపిల్లని పెంచుకోవచ్చు.

పోనీ మిమ్మల్నే ముందుకు లాగితే? క్లచ్ అందుతుంది, స్టీరింగ్ వచ్చి కౌగిలించుకుంటుంది. ఎయిర్‌బ్యాగ్‌కీ రొమ్ముకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలంటారు. నాకు అంత దూరం మా మేనేజరుతో తప్ప ఎవరితోనూ లేదు. నేను కొన్న వేరియంట్‌లో స్టీరింగ్ కిందకీ పైకీ వంగుతుంది. ముందుకూ వెనక్కూ జరగదు. అంటే కాళ్ళు కావాలో చేతులు కావాలో తేల్చుకోమని.

మా వీధి చివర టైలర్ ఉన్నాడు. చొక్కా కుట్టమంటే మెడ, భుజం, ఛాతీ, చెయ్యి, నడుము అన్నీ కొలుస్తాడు. ‘పోయినసారికంటే పొట్ట రెండంగుళాలు వచ్చింది సార్’ అని షాపంతా వినబడేలా చెబుతాడు. కూలి 400 రూపాయలు. మీకు నేను పదకొండున్నర లక్షలు పోశాను. ఎవరైనా వచ్చి నా చుట్టూ ఒక్కసారి టేపు తిప్పారా? చెక్కు మీద సంతకం మాత్రం రెండుసార్లు సరిచూశారు.

సూర్యాపేటలో టీకి ఆగాం. తలుపు పట్టుకొని దిగుతుంటే పక్కనున్న లారీ డ్రైవరు గ్లాసు చేతిలో పట్టుకొని కాసేపు నన్నే చూశాడు. ‘సార్, ఎనక జేబుల ఏమున్నది?’ అన్నాడు. పర్సు అన్నాను. ‘ముందుగాల అది తియ్యుండ్రి సార్. ఒక దిక్కు ఎత్తు, ఒక దిక్కు పల్లం పెట్టుకొని గంటలు గంటలు కూసుంటే నడుము వంకరైతది’ అన్నాడు. యూపీఐ వచ్చాక ఆ పర్సులో డబ్బులు లేవు. నాలుగు కార్డులు, పాత బిల్లులు, తిరుపతి అక్షింతల పొట్లం. వాటి మీద కూర్చొని ఇన్నేళ్ళు డ్రైవ్ చేశాను. ఇంటికొచ్చి వెతికితే 1978లోనే అమెరికాలో ఒక డాక్టరు దీన్ని ‘క్రెడిట్ కార్డు పర్సు సయాటికా’ అని వైద్య పత్రికలో రాశాడట. సయాటికా అంటే నడుము నుంచి కాల్లోకి దిగే నొప్పి. సరే, ఇది మీ తప్పు కాదు. న్యాయంగా ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవడానికి ఇదొక్కటే ఉంది.

ఇక మీ తలకాయ, అదే హెడ్‌రెస్ట్ సంగతి. వెనక నుంచి ఎవడైనా గుద్దితే మెడ విరగకుండా కాపాడే మహానుభావుడు అది, కాదనను. అమెరికాలో 1969 నుంచి కార్ల ముందు సీట్లకు తప్పనిసరి చేశారు. అది తలకు దగ్గరగా ఉంటేనే పని చేస్తుంది, అందుకే ముందుకు వాలి ఉంటుంది. అదీ అర్థమైంది. మరి మా ఆవిడ కొప్పు, దాని చుట్టూ రెండు మూరల మల్లెపూలు ఎక్కడ పెట్టుకోవాలి? ఆవిడ డ్రైవ్ చేస్తే గడ్డం రొమ్ముకి తగిలి, అలిగి పుట్టింటికి పోతున్నట్టు ఉంటుంది. నిజానికి ఆఫీసుకే పోతుంది.

మీ నల్ల తోలు కవరు మే నెలలో ఏం చేస్తుందో ఇక్కడ రాయను. ఆడపిల్లలు చదువుతారు.

ఇవన్నీ చిల్లర. నా కడుపుమంట వేరే ఉంది.

ఎనిమిది నెలల కిందట షోరూంలో నేను, మా ఆవిడ, ఇంటర్ చదివే మావాడు. సేల్స్ అబ్బాయి ఒక బటన్ నొక్కాడు. పైకప్పు తెరుచుకుంది. మావాడు నోరు తెరిచాడు. కాసేపటికి కప్పు మూసుకుంది, మావాడి నోరు మూసుకోలేదు. నేను మీ మీద కూర్చొని అటూ ఇటూ కదిలి, ‘నడుము దగ్గర కొంచెం ఖాళీగా ఉంది బాబూ’ అన్నాను. ‘అలవాటైపోతుంది సార్.’ ‘సీటు ఎత్తు పెంచే లివర్ ఏదీ?’ ‘అది పై వేరియంట్లో సార్. నడుముకి ఆధారం, అదే లంబార్ సపోర్ట్ కూడా అందులోనే. మీ బడ్జెట్లో సన్‌రూఫ్ వస్తోంది కదా సార్! సీటు గురించి ఎవరూ అడగరు సార్, అందరూ సన్‌రూఫే అడుగుతారు.’

సన్‌రూఫ్.

హైదరాబాద్‌లో, 42 డిగ్రీల ఎండలో, నెత్తి మీద కప్పు తీసుకొని ఏం చేయాలి? వడియాలు పెట్టుకోవాలా? ఎనిమిది నెలల్లో దాన్ని తెరిచింది రెండే రెండుసార్లు. ఒకసారి వాహన పూజ రోజు, పూజారి గారు చూడాలని సరదా పడితే. రెండోసారి మావాడు చెట్టు కింద పొరపాటున నొక్కితే. ఆ రోజు కారులోకి ఏం పడిందో, ఎవరి మీద పడిందో మా ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

మీరు మీరు అంటూ ఇంక రాయడం నా వల్ల కాదు. ఏమయ్యా, అసలు నీకు మనస్సాక్షి ఉందా? రోజూ వనస్థలిపురం నుంచి గచ్చిబౌలి, పోనూ రానూ మూడు గంటలు. వారానికి 15 గంటలు నీ మీదే. కట్టుకున్న పెళ్ళాం పక్కన వారానికి అంతసేపు కూర్చోను. ఈ కారులో ఉన్న స్క్రీన్ నన్ను ముట్టుకోదు, సన్‌రూఫ్ ముట్టుకోదు, రంగురంగుల లైట్లు ముట్టుకోవు. ఎక్కింది మొదలు దిగేదాకా నన్ను అంటిపెట్టుకుని ఉండేది నువ్వొక్కడివే. నీ దగ్గరే పిసినారితనం చేశారు. ఒక లివరు ముక్క, ఒక స్పాంజి ముద్ద. వాటికి లక్షకు పైగా తేడా అడిగారు. ఆకాశం మాత్రం ఆఫర్లో ఇచ్చారు.

పోనీ ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విద్యా అంటే అదీ కాదు. మనిషి నిలబడితే నడుము లోపలికి వంపు తిరిగి ఉంటుంది. కూర్చోగానే కటి ఎముక వెనక్కి ఒరుగుతుంది, ఆ వంపు చదునవుతుంది, పూసల మధ్య డిస్కులు నలుగుతాయి. స్వీడన్‌లో ఆల్ఫ్ నాచెమ్సన్ అనే ఎముకల డాక్టరు 1960లలోనే బతికున్న మనుషుల డిస్కుల్లోకి సూది దింపి ఆ ఒత్తిడి ఎంతో కొలిచాడు. ఆధారం లేకుండా ముందుకు వంగి కూర్చుంటే, నిలబడినప్పటి కన్నా ఒత్తిడి ఎక్కువ. వీపు వెనక్కి వాల్చి, నడుము వెనక ఆధారం పెడితే తగ్గుతుంది. వెన్నులో సూది గుచ్చించుకున్న ఆ పుణ్యాత్ముల కష్టం పై వేరియంట్ వాళ్ళకే చెందాలా? హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కిన ప్రతిసారీ, కాలు ముందుకు తోసిన బలం తిరిగొచ్చి నడుముకే తగులుతుంది. అక్కడ నువ్వుండాలి. అక్కడ గాలి ఉంది.

కారు ప్రమాద పరీక్షల్లో కూర్చోబెట్టే ఒక బొమ్మ ఉంది, హైబ్రిడ్ 3 అని. 1976 నాటిది. మగ బొమ్మ. ఎత్తు సుమారు 175 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. నీ మనసులో ఉన్న యజమాని అతనే అని నా అనుమానం. అతనికి నడుము నొప్పి రాదు. అతన్ని గృహప్రవేశాలకు పిలవరు. అతని భార్య 5 అడుగులుండదు, రోడ్డు కనిపించడానికి దుప్పటి మడిచి నీ మీద వేసుకోదు, వేసుకున్నాక కాళ్ళకు బ్రేక్ సరిగా అందడం లేదని అతన్ని తిట్టదు.

మా నాన్నగారి ఆఫీసు అంబాసిడర్‌లో ముందు సీటు ఒకటే పొడుగు బల్ల. గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది కాబట్టి ముందు ముగ్గురం ఇరుక్కునేవాళ్ళం, మధ్యలో నేను. దానికి నడుము ఆధారమూ లేదు, తలకాయా లేదు. గుంటలో పడితే కప్పు తగిలేది. నీకంటే అది గొప్పదని అనను. కానీ అది ఏ మాటా ఇవ్వలేదు. నువ్వు బ్రోచర్లో, మూడో పేజీలో, ఫొటోతో సహా ‘ఎర్గోనామిక్ సీటింగ్’ అని, అంటే ఒంటికి అమరే సీటు అని, అచ్చు వేయించుకున్నావు. ఆ పేజీ దాచాను.

నిన్న తిరుగు ప్రయాణంలో మా ఆవిడే డ్రైవ్ చేసింది, దుప్పటి మీద కూర్చొని. నేను పక్కసీటు వాల్చుకొని పడుకున్నాను. దారిలో ఆవిడ మాట్లాడింది ఒక్కసారే. కోదాడ దగ్గర, ‘పెళ్ళికొడుకు గారికి నీళ్ళు కావాలా?’ అంది.

ఈ పొద్దున ఫిజియోథెరపీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన మందు రాయలేదు. ‘పాత తువ్వాలు గట్టిగా చుట్టి నడుము వంపులో పెట్టుకోండి. సీటు 100 నుంచి 110 డిగ్రీలు వాల్చండి. గంటకోసారి ఆపి దిగి నడవండి’ అన్నాడు. ఫీజు 600. తువ్వాలట! పెద్ద ఆఫీసర్ల కార్లలో వెనక సీటు మీద తెల్ల టర్కీ తువ్వాలు చూసి ఇన్నాళ్ళూ హోదా అనుకున్నాను. ఆఫీసరు గారికి వెనక తువ్వాలుంది. ముందు కూర్చొని నడిపేవాడికి మాత్రం ఎప్పుడూ చూసినట్టు లేదు.

ఒక్క మాట మాత్రం రాయకుండా ఉండలేను. రోజూ రాత్రి ఇంటికొచ్చాక, సెల్లార్లో ఇంజిన్ ఆపి, వెంటనే పైకి వెళ్ళను. ఐదు నిమిషాలు నీలోనే కూర్చుంటాను. లివరు లాగి నిన్ను పూర్తిగా వెనక్కి వాల్చేస్తాను. క్లచ్ తొక్కక్కర్లేదు, స్టీరింగ్ అందుకోనక్కర్లేదు. ఆఫీసు లేదు, ఇల్లు ఇంకా రాలేదు. ఆ ఐదు నిమిషాల్లో నువ్వు నన్ను ఎక్కడా పొడవవు. ఆగి ఉన్నప్పుడు ఇంత మంచివాడివి, కదిలితే ఏం రోగమయ్యా నీకు?

సరే. సోమవారం తువ్వాలుతో వస్తున్నాను. నీలంది, అంచు చిరిగింది. దయచేసి సహకరించగలరు.

ఇట్లు,
తమరు మోయవలసిన భారం

తా.క.: ఇప్పుడే పిన్ని ఫోన్ చేసింది. నిన్న వంగి దండం పెట్టిన కుర్రాడికి బామ్మగారు సంబంధం చూశారట. అమ్మాయిది తెనాలి, బ్యాంకులో ఉద్యోగం. ఫొటో మా ఆవిడ ఫోన్‌కి పంపింది.