గంజాం తీరానికి ముందు కావలసింది మరమ్మతు షెడ్డు

ఒడిశాలోని గంజాం తీరంలో బోట్లు సముద్రంలో కన్నా ఒడ్డు మీదే ఎక్కువ పాడవుతున్నాయి. గోపాల్‌పూర్‌లోనో ఆర్జిపల్లిలోనో ఏ వాడబలిజ మత్స్యకారుల ఇంటి గుమ్మంలో ఈ మాట అన్నా కాదనేవాళ్లు ఉండరు. తుపాను విరగ్గొట్టిన బోట్ల లెక్క ప్రభుత్వం దగ్గర ఉంటుంది, ఎందుకంటే దానికి పరిహారం ఉంది. ఎండకు పొడిబారి, వాననీరు నిలిచి, ఇంజనులో ఉప్పు పేరుకుని నెమ్మదిగా పనికిరాకుండా పోయిన బోట్ల లెక్క ఎవరూ రాయరు. అందుకే సూటిగా చెబుతున్నాను. ఈ తీరంలో కొత్త బోట్లకిచ్చే సబ్సిడీలో పెద్ద వాటాను కొన్నేళ్లపాటు పక్కకు తీసి, వేట ఊళ్లలో మరమ్మతు షెడ్డు, మంచినీటి ట్యాంకు, బోటు లాగే వించి పెట్టడానికి వాడాలి.

నేపథ్యం పాఠకులకు తెలిసిందే. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం రుషికుల్య, దేవి, ధమ్రా నదుల ముఖద్వారాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా మోటారు బోట్ల వేట మీద నిషేధం ఉంది. దానికి తోడు తూర్పు తీరమంతటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట విరామం. తాబేళ్లను కాపాడాలా వద్దా అన్న చర్చలోకి నేను పోను. కాపాడాల్సిందే. కానీ రుషికుల్య చుట్టుపక్కల ఏడు నెలల పాటు బోటు ఇసుక మీద కూర్చుంటే దానికి ఏమవుతుందో, నిషేధం రాసినవాళ్లు ఒక్క పేరాలోనైనా ఆలోచించి ఉండాల్సింది.

ఏమవుతుందో చూద్దాం. ఫైబర్ బోటు మీద నున్నగా మెరిసే పైపూత ఉంటుంది, దాన్నే జెల్‌కోట్ అంటారు. లోపలి గాజునార పొరలకు నీరు తగలకుండా కాపాడేది అదే. ఎండ సోకి సోకి అది సున్నంలా పొడి రాలుతుంది, తర్వాత సన్నటి పగుళ్లు పడతాయి. బోటు దించగానే ఆ పగుళ్ల గుండా నీరు పొరల్లోకి చేరుతుంది. కొన్నాళ్లకు అడుగున బొబ్బలు లేస్తాయి. ఇంజను బిగించే వెనక పలకలో చెక్క ఉంటే బోల్టు రంధ్రాల గుండా తేమ పోయి లోపలే కుళ్లుతుంది, బయటికి ఏమీ కనబడదు. ఒకరోజు నడి సముద్రంలో ఇంజను ఊగడం మొదలవుతుంది. ఈ నష్టాన్ని ఆపడానికి కావలసింది ఎంత? పైన నీడ, అడుగున ఇసుక తగలకుండా రెండు దుంగలు, నీరు నిలవకుండా కాస్త వాలుగా నిలబెట్టి అడుగు బిరడా తీసి ఉంచడం. తాటాకు పందిరి అయినా చాలు. ఊరుమ్మడి షెడ్డు ఉంటే పాతిక బోట్లకు సరిపోతుంది.

ఇంజను సంగతి ఇంకా ఘోరం. బోటు వెనక బయట బిగించే అవుట్‌బోర్డ్ మోటారు సముద్రపు నీటితోనే చల్లబడుతుంది. వేట ముగిశాక పది నిమిషాలు మంచినీటితో నడిపి కడగకపోతే, లోపలి దారుల్లో ఉప్పు గడ్డకట్టి అవి మూసుకుపోతాయి, ఇంజను వేడెక్కి బిగుసుకుంటుంది. కడగాలని అందరికీ తెలుసు. కానీ తాగునీటికే బిందెలు వరుసలో పెట్టే ఊళ్లో ఇంజనుకు మంచినీళ్లు పోసే ధైర్యం ఎవరికి ఉంటుంది? నెలల తరబడి ఆపేముందు పెట్రోలు పూర్తిగా తీసేయాలి, లేకపోతే అది కార్బురేటర్‌లో జిగురై పేరుకుంటుంది. గేరు నూనె పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీరు పోతోందని అర్థం. చాలాసార్లు కారణం ప్రొపెల్లర్ ఇరుసుకు చుట్టుకున్న వల దారమే, అది సీలును కోసేస్తుంది. ఇంజను కింద బిగించే చిన్న జింకు ముక్క గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉప్పునీటిలో వేర్వేరు లోహాలు కలిసి ఉంటే వాటిలో ఒకటి తినుకుపోతుంది, ఇంజను అల్యూమినియం బదులు ఆ జింకు తినుకుపోవాలనే దాన్ని పెడతారు. సగం అరిగాక మార్చాలి, దాని మీద రంగు వేయకూడదు. చాలా తక్కువ ఖరీదు ముక్క అది. దాన్ని మార్చకపోవడం వల్ల పోయేది బోటు యజమాని అప్పుచేసి కొన్న ఇంజను.

ఫైబర్ అతుకు విషయంలో కూడా అంతే. దెబ్బతిన్న చోట పైనుంచి రెసిన్ అనే జిగురు పూసి గాజునార మ్యాట్ అంటించేస్తే రెండు నెలలకు ఊడివస్తుంది. చుట్టూ పాత పొరను వాలుగా గీకాలి, పొర మందానికి పన్నెండు రెట్ల వెడల్పు దాకా. ఉప్పు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఎసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాతే మ్యాట్ వేయాలి. రెసిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఒకటి నుంచి రెండు శాతం చాలు, మే నెల మధ్యాహ్నం అయితే తక్కువ వైపే ఉండాలి, లేకపోతే డబ్బాలోనే గట్టిపడుతుంది. వాన మబ్బు పట్టిన రోజు అసలు మొదలుపెట్టకూడదు. గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్టును, హార్డెనర్‌ను నేరుగా కలపకూడదు, అది పేలవచ్చు. ముందు కోబాల్టును రెసిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ వేయాలి. ఈ నాలుగు సంగతులు తెలుగులో ఒక అట్ట మీద రాసి షెడ్డు గోడకు తగిలించిన ఊరు గంజాంలో నాకెక్కడా కనబడలేదు.

ఇంకొకటి, బోటును ఒడ్డుకు లాగే తీరు. గోపాల్‌పూర్ దగ్గరిది నేరుగా కెరటాలు విరిగే ఒడ్డు. ట్రాక్టరుతోనో పదిమంది భుజబలంతోనో ఇసుక మీద ఈడ్చిన ప్రతిసారీ అడుగు పొర ఎంతో కొంత అరుగుతుంది. చేత్తో తిప్పే వించి, నాలుగు రోలర్లు ఉంటే ఆ అరుగుదల బాగా తగ్గుతుంది, నడుములూ మిగులుతాయి.

మన పెద్దలకు ఇది తెలియని విద్య కాదు. తెప్ప ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగలను ఎండబెట్టేవారు, నీరు పీల్చిన దుంగ మరునాటికి బరువెక్కుతుందని. కెరటాలు దాటే పాత పడవను మేకులు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు, తాడు చివికితే కుట్టు విప్పి మళ్లీ కుట్టేవారు. మరమ్మతు ఆ పడవలో పుట్టుకతోనే ఉంది. ఫైబర్ వచ్చాక దాన్ని ఊళ్లకు అమ్మినవాళ్లు 'తుప్పు పట్టదు, పుచ్చదు' అన్నంతవరకే చెప్పారు. సంరక్షణ జ్ఞానాన్ని ఎవరూ అందించలేదు.

తీరంలో కట్టే కాంక్రీటుకూ ఇదే గతి. ఉప్పు లోపలికి ఇంకి ఇనుప ఊచలను తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును పగలగొడుతుంది. సముద్రపు తుంపర తగిలేచోట ఎం-35 గ్రేడు కాంక్రీటు, ఊచల మీద 50 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు కప్పు, ఆటుపోట్లు తాకేచోట ఎం-40, 75 మిల్లీమీటర్లు ఉండాలని భారత కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. సముద్రపు ఇసుక, ఉప్పునీరు కలిపి కట్టిన గట్టుకు తర్వాత ఎన్ని రంగులు వేసినా లాభం లేదు. ఒడ్డున ఇల్లు, లాడ్జి, దుకాణం ఉన్నవాళ్లూ గుర్తుంచుకోండి: గ్రిల్లు, షట్టరు, గేటు కీళ్లను నెలకోసారి మంచినీటితో కడిగి, తుప్పు పూర్తిగా గీకి జింకు ప్రైమర్ వేశాకే రంగు. ఉప్పు మీద రంగు వేస్తే తుప్పు దాని కిందే పెరుగుతుంది.

దీనికి అధికారుల నుంచి వచ్చే అభ్యంతరం ఒకటుంది. బోటు సొంత ఆస్తి, దాన్ని చూసుకోవడం యజమాని పని, కొత్త బోటును లెక్కపెట్టగలం గానీ మరమ్మతు బిల్లులు దొంగవో నిజమైనవో ఎలా తేలుస్తాం అంటారు. అందులో కొంత నిజం ఉంది. అందుకే నేను బిల్లులకు డబ్బు అడగడం లేదు, అందరూ వాడుకునే షెడ్డు, నీరు, వించి, పనిముట్లు అడుగుతున్నాను. అవి కళ్లముందే ఉంటాయి, ఎవరైనా వచ్చి లెక్కపెట్టుకోవచ్చు.

డబ్బు లేదనే మాట మాత్రం చెల్లదు. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన మొత్తం 20,050 కోట్లు. పక్కనే ఆంధ్రలో వేట విరామ భృతిని 2025లో 20 వేలకు పెంచారు. తెచ్చుకోలేనిదేమీ కాదు, తెచ్చే మనసు లేదు. మన రాజకీయాలకు శంకుస్థాపన కావాలి, రిబ్బను కావాలి. పదో ఏట గ్రీజు పూసినందుకు ఏ నాయకుడి ఫొటో పేపర్లో పడదు. బడ్జెట్లో కోత పెట్టాలంటే మొదటి కత్తెర నిర్వహణ పద్దు మీదే పడుతుంది. అయినా ఇదే ఒడిశా ఒక విషయంలో దేశానికే దారి చూపింది. 1999 పెను తుపానులో దాదాపు పదివేల మంది పోయాక కట్టిన తుపాను షెల్టర్లను గాలికి వదిలేయకుండా ఊరి కమిటీలకు అప్పగించింది, ఏటా తుపాను సన్నద్ధత విన్యాసాలు జరిపించింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అప్పటికి లక్షల మందిని తరలించగలిగారు, ప్రాణనష్టం పదుల సంఖ్యలోనే ఆగింది. షెల్టర్లు కట్టినందువల్ల మాత్రమే కాదు, కట్టినవి పనిచేసే స్థితిలో ఉన్నందువల్ల అది సాధ్యమైంది. షెల్టరుకు కమిటీ వేయగలిగిన ఊరు బోటు షెడ్డుకు వేయలేదా?

ఇక భాష. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది, తీరం వెంట తెలుగు ఊళ్లూ ఇటే ఉండిపోయాయి. ఆంధ్ర సరిహద్దులోని ఇచ్ఛాపురం పక్కన బాహుదా నది ముఖద్వారం దగ్గర నిలబడితే రెండు రాష్ట్రాల బోట్లూ ఒకేలా కనిపిస్తాయి, వాటిని నడిపేవాళ్ల మాటా ఒకటే. కానీ సరిహద్దుకు ఇవతల మత్స్యశాఖ నోటీసు ఒడియాలో, ఇంజను పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. అవతల విశాఖపట్నంలో మత్స్యరంగ శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ సిఫ్‌నెట్ కేంద్రం ఉంది, మెరైన్ ఫిట్టర్ కోర్సు ఆ సంస్థదే. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రమూ అక్కడే. ఇవతల బరంపురం ఐటీఐకి రాష్ట్రమంతా పేరుంది. ఈ మూడింటినీ కలిపి, ఫైబర్ మరమ్మతు, అవుట్‌బోర్డ్ సర్వీసింగ్ మీద మూడు నెలల కోర్సును తెలుగులో, ఒడియాలో నడపడానికి ఏ చట్టం అడ్డొస్తుంది? నవంబరు నుంచి మే దాకా బోటు ఒడ్డున ఉంటుంది, కుర్రాళ్లు చెన్నై, సూరత్ రైళ్లెక్కే కాలం అదే. మొదటి బ్యాచ్‌ను ఆ నెలల్లోనే, రుషికుల్య ముఖద్వారం ఊళ్ల నుంచే తీసుకోవాలి, శిక్షణ కాలానికి భృతి ఇవ్వాలి, బయటికొచ్చిన ప్రతి ఇద్దరికీ ఒక షెడ్డు అప్పగించాలి.