మహారాజశ్రీ షెంగెన్ వీసా వారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ షెంగెన్ వీసా వారికి, పలుమార్లు దరఖాస్తు చేసుకున్న ఒక భారతీయ పాస్‌పోర్టుదారుడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. ఆ సంగతి తమరు నమ్మాలంటే వైద్యుడి ధ్రువపత్రం జతపరచాలేమోనని ఒక్క క్షణం తటపటాయించాను గానీ, తమ పత్రాల జాబితాలో అది కనిపించలేదు కనుక ఈసారికి ఉత్త మాట మీదే రాస్తున్నాను.

తమ జన్మవృత్తాంతం నాకు కంఠస్థం. 1985 జూన్ 14న, లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న ఊరి దగ్గర, మోసెల్ నది మీద ఒక నౌకలో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ప్రతినిధులు కూర్చుని, తమలో తమకు సరిహద్దు తనిఖీలు ఎందుకని క్రమంగా ఎత్తివేసుకోవడానికి సంతకాలు చేశారు. 1995 మార్చి 26న ఆ మాట ఆచరణలోకి వచ్చింది. అయిదుగురితో మొదలైన ఆ పొత్తు కుటుంబంలో, రొమేనియా, బల్గేరియాల నేల సరిహద్దులు కూడా 2025 జనవరి 1న తెరుచుకున్నాక, ఇప్పుడు 29 దేశాలున్నాయి; వాటన్నిటికీ కలిపి చెల్లే ఒకే ప్రవేశానుమతి తమరు. అన్నదమ్ములంతా కలిసి ఇంటిలోపలి గదుల తలుపులు ఊడదీసుకోవడం చూడముచ్చటైన విషయమే. ఊడదీసిన ఆ కలపనంతా తెచ్చి వీధి తలుపుకు దట్టంగా బిగించారన్న సంగతి మాత్రం బయట నిలబడ్డ నాబోటివాడికే తెలుస్తుంది.

ఆ కుటుంబపు చుట్టరికాలు అర్థం చేసుకోవడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది. యూరోపియన్ యూనియన్‌లో సభ్యత్వమే లేని స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీషెన్‌స్టైన్ తమ పందిట్లో పీటలు వేసుకుని కూర్చున్నాయి. యూనియన్‌లో సభ్యురాలైన ఐర్లండ్ పందిరి బయట ఉంది. బ్రిటన్ ఆ పందిట్లోకి ఎన్నడూ అడుగే పెట్టలేదు. ఇది తెలియక, ఒక్కసారి మాత్రమే ప్రవేశించగల వీసాతో పారిస్‌లో దిగి, మధ్యలో రెండు రోజులు లండన్ చూసి వద్దామని రైలెక్కినవాడు, బ్రిటిష్ వీసా విడిగా తీసుకుని ఉన్నా సరే, మళ్లీ పారిస్‌లోకి రాలేడు. కనుక పాస్‌పోర్టు చేతికి అందగానే, దాన్ని ముద్దు పెట్టుకోవడం కాసేపు వాయిదా వేసి, ప్రవేశాల సంఖ్య దగ్గర 01 అని ఉందో, 02 అని ఉందో, మల్ట్, అనగా పలుమార్లు, అని ఉందో చూసుకోవాలి.

ఏ దేశానికి దరఖాస్తు పెట్టుకోవాలన్న విషయంలో తమ నియమం స్పష్టంగానే ఉంది: ఎక్కడ ఎక్కువ రోజులుంటామో ఆ దేశానికి; అన్నిచోట్లా సమానంగా ఉంటే మొట్టమొదట అడుగుపెట్టే దేశానికి. అయితే వేసవి ముందు అపాయింట్‌మెంట్లు దొరకని రోజుల్లో, మనిషి చూడదలచిన దేశం ఒకటి, ఖాళీ ఉన్న దేశం మరొకటి అవుతాయి. జీవితంలో ఎన్నడూ తలచుకోని దేశం మీద ఉన్నట్టుండి అనురాగం పుట్టి, అక్కడ ఆరు రాత్రులు, అసలు చూడాలనుకున్న చోట అయిదు రాత్రులు కేటాయించి పర్యటన పథకం రాసినవాళ్లు నాకు తెలుసు. అబద్ధపు పథకం రాయడం తప్పు, పట్టుబడితే తిరస్కరణకు అదే కారణం అవుతుందని వాళ్లకు చెప్పాను. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చని కూడా చెప్పాను. పదిహేను రోజుల ముందు వరకు గడువుందనే మాట నిజమే గానీ, నిర్ణయానికి తమరు మామూలుగా 15 రోజులు, సందేహం వస్తే 45 రోజుల వరకు తీసుకుంటారు కనుక, ఆ గడువును నమ్ముకున్నవాడి విమానం వాడు లేకుండానే ఎగిరిపోతుంది.

ఇక తమరు అడిగే పత్రాల సంగతి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెతకు తమ జాబితాను మించిన వ్యాఖ్యానం నేను చదవలేదు. వెళ్లడానికి అనుమతి లేదు, కానీ వెళ్లి ఏ రాత్రి ఏ హోటల్లో పడుకుంటానో ముందే చూపాలి. విమాన ప్రయాణం రాకపోకలు రెండూ చూపాలి, కానీ వీసా రాకముందే టికెట్టు కొని డబ్బు పోగొట్టుకోవద్దు, రిజర్వేషను చాలు అని తమవారే హితవు చెబుతారు. ఆలూ లేదు చూలూ లేదు, నా చేతిలో మాత్రం సోమలింగం బారసాల ఆహ్వాన పత్రిక, తేదీ, వేళ, రద్దు చేసుకునే సదుపాయంతో సహా సిద్ధంగా ఉంది.

ఇవన్నీ నేను భరించగలను. నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఎందుకు వస్తున్నానని తమరు మొక్కుబడిగా అడుగుతారు. ఎందుకు తిరిగి వెళ్తానని ప్రాణం పెట్టి అడుగుతారు. వస్తానని చెప్పుకోవడం ఎవరికైనా తెలుసు. వెళ్లిపోతానని నమ్మించడం ఎలాగో నా చదువులో ఎక్కడా చెప్పలేదు. ఉద్యోగ ధ్రువపత్రం, సెలవు మంజూరు పత్రం, ఆదాయపు పన్ను రిటర్నులు, గడిచిన నెలల బ్యాంకు లావాదేవీలు ఇవన్నీ కలిపి నాకు ఇంటిమీద ఉన్న మమకారానికి సాక్ష్యమట. సెలవు పత్రం కోసం మా పైఅధికారి దగ్గరికి వెళ్లి, ఫలానా తేదీన నేను తిరిగి విధుల్లో చేరతానని రాసి ఇమ్మన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి, నిట్టూర్చి, సంతకం చేశారు. నేను తిరిగి రావాలని ఎవరైనా రాతపూర్వకంగా కోరడం అదే మొదటిసారి.

బ్యాంకు కాగితాల దగ్గర తమ శాస్త్రం మరీ సూక్ష్మమైనది. ఖాతాలో డబ్బు తక్కువుంటే అక్కడ పని వెతుక్కుంటానని అనుమానం. దరఖాస్తుకు వారం ముందు ఉన్నట్టుండి పెద్ద మొత్తం జమ అయితే అది ఎవరిదోనని అనుమానం. జీతం నెలనెలా పడుతూ, ఖర్చు నెలనెలా పోతూ, చివరికి కొంత మిగులుతూ ఉండే ఖాతా తమకు ఇష్టమని అనుభవం మీద గ్రహించాను. అది నాకూ ఇష్టమే. ఇంటి రుణం కాగితం పెట్టాలా వద్దా అని మాత్రం రెండు రోజులు ఆలోచించాను. అప్పున్నవాడు తీర్చడానికి తిరిగి వస్తాడని తమరు అనుకుంటారో, ఎగ్గొట్టడానికి అక్కడే ఉండిపోతాడని అనుకుంటారో తేలక, చివరికి మానేశాను.

మొదటిసారి తమవారిలో ఒక దేశపు కాన్సులేటు నా దరఖాస్తును తిరస్కరించింది. తిరస్కరణ పత్రం అచ్చువేసిన నమూనా. కారణాలన్నీ ముందే రాసి ఉంటాయి, తగిన గడిలో గుర్తు పెడతారు. గడువు ముగిసేలోపు నేను తిరిగి వెళ్తానన్న విషయంలో సహేతుకమైన సందేహం ఉందన్న గడి నాకు దక్కింది. అప్పీలు చేసుకోవచ్చునని కింద దారి చూపారు గానీ, రుసుము మాత్రం తిరిగి రాదు. ఆనాడు 80 యూరోలకు దొరికిన ఆ సందేహం 2024 జూన్ 11 నుంచి 90 యూరోలైంది. దరఖాస్తులు పుచ్చుకునే కేంద్రం వారి సేవా రుసుము దానికి అదనం. ఒకసారి తిరస్కరించినంత మాత్రాన మళ్లీ పెట్టిన దరఖాస్తు దానంతటదే తిరస్కరణకు గురికాకూడదని తమ నియమావళే అంటోంది కనుక, లోపించిన కాగితాలు సరిచూసుకుని మళ్లీ వచ్చాను. తమ దగ్గరికైతే తిరిగి వస్తూనే ఉన్నానన్నది సాక్ష్యంగా చెల్లుతుందేమో పరిశీలించగలరు.

వేలిముద్రల కేంద్రంలో జరిగింది కూడా మనవి చేసుకోవాలి. మా భాషలో వేలిముద్రగాడంటే చదువు రానివాడని అర్థం. ఆ మాట పడకూడదనే మా పెద్దలు నన్ను అన్నేళ్లు చదివించారు. ఆ చదువు తెచ్చిన ఉద్యోగం, ఆ ఉద్యోగం తెచ్చిన సెలవు పుణ్యమా అని, ఒకటి కాదు, పది వేళ్లూ అద్దం మీద అదిమి వచ్చాను. అవి అయిదేళ్లు తమ దగ్గర భద్రంగా ఉంటాయి. ఆ లోపు మళ్లీ దరఖాస్తు చేస్తే సాధారణంగా పాతవే సరిపోతాయి. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఈ బాధ లేదు. ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు, ఆరు నెలల లోపు తీసినది, నవ్వు లేనిది. ఆ చివరి షరతు ఎందుకు పెట్టారో గానీ, దరఖాస్తు నింపి వచ్చినవాడికి దాన్ని పాటించడం కష్టం కాదు. పాస్‌పోర్టు పదేళ్లలోపు జారీ అయినదై, ఆ దేశాలు విడిచివచ్చే తేదీ తరువాత కనీసం మూడు నెలలు చెల్లుబాటు కలిగి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలన్నది కూడా ముందే చూసుకోకపోతే, మిగతా కట్టంతా వృథా.

ఇవన్నీ ఒక ఎత్తు, ప్రయాణ వైద్య బీమా ఒక ఎత్తు. కనీసం 30,000 యూరోలకు, తమ దేశాలన్నిటా చెల్లేలా, ఉండే రోజులన్నిటికీ తీసుకోవాలి. పాలసీ కాగితం పూర్తిగా చదివే దుర్గుణం నాకుంది. చదివితే, ఆసుపత్రి ఖర్చులతోపాటు, నేను అక్కడ మరణిస్తే భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే ఖర్చు కూడా అందులో ఉండాలన్నది తమ షరతేనని తెలిసింది. అయ్యా, ఇంకేం కావాలి? ప్రాణంతో ఉంటే సెలవు పత్రం ప్రకారం, ప్రాణం పోతే పాలసీ ప్రకారం, ఎటైనా తిరిగి రావడం ఖాయమని నేను డబ్బు కట్టి మరీ రాయించాను. ఇంత పకడ్బందీగా తిరిగి వస్తానన్న హామీ నేను మా ఇంట్లోవాళ్లకు కూడా ఎన్నడూ ఇవ్వలేదు.

రెండోసారి తమరు కటాక్షించారు. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండరాదన్న తమ సూత్రాన్ని అప్పుడు శ్రద్ధగా అధ్యయనం చేశాను. జనవరి నుంచి జూన్ దాకా అని గీత గీసుకునే లెక్క కాదిది. అక్కడున్న ప్రతి రోజూ వెనక్కి తిరిగి 180 రోజులు లెక్కపెట్టుకోవాలి, దిగిన రోజు, బయలుదేరిన రోజు కూడా అందులో పడతాయి. పంచాంగం గుణించే సిద్ధాంతి గారికి కూడా చెమటలు పట్టించే ఈ విద్య నేర్చుకున్నాక పాస్‌పోర్టులో అంటించిన వీసా స్టిక్కర్ చూస్తే, నాకిచ్చినది పన్నెండు రోజులు. చెల్లుబాటు తేదీల మధ్య వ్యవధి అంతకంటే ఎక్కువగా కనిపించినా, ఉండదగినవి ఆ పన్నెండే; తేదీలు చూసి మురిసి అదనంగా ఉండిపోయినవాడు తమ సందేహాన్ని నిజం చేసినవాడవుతాడు.

తిరిగి వచ్చాను. బోర్డింగ్ పాసులు దాచుకున్నాను. నమ్మకం అనేది తమ దగ్గర మెట్లుమెట్లుగా దొరుకుతుందని ఆ తరువాత తెలిసింది: 2024 ఏప్రిల్ 18న భారతీయుల కోసం తీసుకున్న నిర్ణయం ప్రకారం, మూడేళ్లలో రెండు వీసాలు పొంది సక్రమంగా వాడుకున్నవారికి రెండేళ్ల బహుళ ప్రవేశ వీసా, ఆ పైన పాస్‌పోర్టుకు తగినంత గడువుంటే అయిదేళ్లది. అనగా రెండుసార్లు వెళ్లి రెండుసార్లు తిరిగి వచ్చినవాడిని మూడోసారి నమ్ముతారు. అప్పు అక్కర్లేనివాడికే అప్పిచ్చే బ్యాంకు పద్ధతిని గుర్తుచేసినా, ఇది మంచి మార్పేనని ఒప్పుకుంటున్నాను.

ప్రస్తుతం పెట్టిన దరఖాస్తులో లక్సెంబర్గ్‌ను ప్రధాన గమ్యంగా చూపాను. తమ పుట్టినూరు షెంగెన్‌లో ఒక పూట గడపాలని ఉంది. అక్కడ మోసెల్ మీది వంతెన దాటితే జర్మనీ, ఇటు తిరిగి కాస్త నడిస్తే ఫ్రాన్స్. అయితే 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన నేల సరిహద్దులన్నిటా తాత్కాలికమంటూ తనిఖీలు పెట్టింది గనుక, తమరు పుట్టిన ఊరి వంతెన దగ్గర కూడా పాస్‌పోర్టు జేబులోనే ఉంచుకుంటాను.

ఇట్లు,
తమ గుమ్మంలో వరుసలో నిలబడిన,
పది వేళ్లూ సమర్పించుకున్న దరఖాస్తుదారుడు

తా.క.: ఫారంలో పర్యటన ఉద్దేశం అన్న చోట పర్యాటకం, వ్యాపారం, బంధుమిత్రుల సందర్శన వంటి గడులున్నాయి. పర్యాటకం దగ్గర గుర్తు పెట్టాను. తిరిగి రావడానికి అన్న గడి కోసం రెండుసార్లు వెతికాను, అది ఎక్కడా లేదు.