అమోనియాకు బూడిద గుమ్మడికాయ

ఇంట్లో చేప చచ్చిపోతే ఏడవకూడదట, సంతోషించాలట. "పోతే పోయిందిలేమ్మా, మీ ఇంటిమీదికి రావాల్సిన గండాన్ని అది నెత్తినేసుకుని పోయింది" అని పక్కింటి పిన్నిగారు సెలవిస్తారు. ఇంటావిడ కళ్లు తుడుచుకుని, తేలినదాన్ని చేటలోకెత్తి, సాయంత్రానికల్లా ఇంకో రెండు తెప్పిస్తుంది. వాటికీ అదే డ్యూటీ.

ఈ సిద్ధాంతాన్ని భక్తిశ్రద్ధలతో పరిశీలించాల్సిందే. హాల్లో కొత్తగా చెరువు కట్టించుకున్న ఇంట్లో తొమ్మిది చేపలు వదిలితే పది రోజుల్లో తొమ్మిదీ పోవడం మామూలే. అంటే పది రోజుల్లో తొమ్మిది గండాలు. ఒక సాధారణ తెలుగు కుటుంబం మీదికి ఇన్ని గండాలు వరసకట్టి వస్తున్నాయంటే వాళ్లకి కావాల్సింది చేపలు కాదు, పోలీసు బందోబస్తు. ఇంకో విచిత్రం చూడండి. ఈ గండాలు నీళ్లు పోసిన రెండో మూడో రోజున మొదలై, పట్టువదలకుండా చేపలు పోస్తూనే ఉంటే, ఏ ఆరో వారానికో వాటంతటవే ఆగిపోతాయి. దిష్టికి ఇంత కచ్చితమైన టైంటేబుల్ ఎవరు వేసిచ్చారో!

అసలు ఈ చెరువులన్నీ పుట్టేది గృహప్రవేశం రోజునే. ఈశాన్యంలో నీళ్లుండాలన్నారు సిద్ధాంతిగారు. ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్లది ఉండాలన్నారు. నల్లది దిష్టి లాగేస్తుందట. ఇది చైనావాళ్ల ఫెంగ్‌షుయి లెక్క అని ఆయనకి చెప్పేంత ధైర్యం ఎవరికుంటుంది? మేస్త్రి గురువారం రాత్రి పదింటికి చెరువు లోపలి గచ్చు పూర్తి చేస్తాడు. గచ్చు ఇంకా పచ్చిగానే ఉంటుంది. ట్యాంకరు నీళ్లు పడతాయి. శుక్రవారం తెల్లవారుజామున నాలుగున్నరకి ముహూర్తం. నున్నటి టైల్స్ మీద నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి జారుతున్న ఆవుని నలుగురు పట్టుకుని లోపలికి తెస్తారు. ఆ ఆవు మూల ఉన్న నీళ్ల దగ్గరికి వెళ్లి, వాసన చూసి, మొహం తిప్పుకుంటుంది. ఆ ఇంట్లో నీటి నాణ్యత పరీక్షించిన ఏకైక జీవి అదే. దానికి అరటిపండు పెట్టి పంపించేస్తారు.

తర్వాత పంతులుగారు పుణ్యాహవాచనం నీళ్లు అన్ని గదుల్లో చల్లుతూ చెరువులోనూ చల్లుతారు. పసుపు, కుంకుమ, అక్షతలు, బంతిపూల రేకులు వరసగా పడతాయి. బావమరిదిగారు రెండు పాలిథిన్ సంచుల్లో చేపలు తెస్తారు. సంచిని పావుగంట నీళ్లలో తేలనిచ్చి, చెరువు నీళ్లు కాసిని కాసిని కలిపి అప్పుడు వదలాలని దుకాణంవాడు చెప్పే ఉంటాడు. కానీ వర్జ్యం వచ్చేస్తోంది కదా! కత్తెర పడుతుంది, సంచి బోర్లపడుతుంది, వీడియో తిరుగుతుంది. పిల్లలు మరమరాలు వేస్తారు. ఒక పెద్దాయన ఉదారంగా సగం బూరె వేస్తారు. మధ్యాహ్నం భోజనాల వేళకి తొమ్మిది చేపలూ పైకొచ్చి మూతులు తెరిచి మూస్తుంటాయి. "చూడండి చూడండి, ముద్దులు పెడుతున్నాయి!" అని మురిసిపోయి సెల్ఫీలు దిగుతారు.

అవి ముద్దులు కావండీ బాబూ. ఊపిరి అందడం లేదు.

లోపల జరుగుతున్నది ఇదీ. చేప మొప్పల్లోంచి, పెంటలోంచి, తినకుండా మిగిలిన బూరెలోంచి అమోనియా పుడుతుంది. దాన్ని నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది, నైట్రైటుని నైట్రోస్పైరా నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది మొక్కలకి ఎరువు. కొత్త చెరువులో ఈ బ్యాక్టీరియా లేదు, సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోగా చేప తన ఉచ్చలో తనే ఉడుకుతుంది. దానికి తోడు పచ్చి సిమెంటులోని సున్నం నీళ్లలోకి దిగి, నీళ్ల క్షారగుణాన్ని చెప్పే పీహెచ్‌ని పది దాటిస్తుంది. పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి పెరిగితేనే అంతే అమోనియాలో విషభాగం దాదాపు పదింతలవుతుంది. పది దాటితే ఇక చెప్పేదేముంది, దాదాపు అంతా విషమే.

మూడో రోజున మొదటి చేప తేలగానే గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతారు. దోసెడు కల్లుప్పు, ఎండుమిరపకాయలు ముమ్మారు తిప్పి నాలుగు రోడ్ల కూడలిలో పారబోస్తారు. నా బాధల్లా ఆ ఉప్పు గురించే. నైట్రైటు చేప రక్తాన్ని చాక్లెట్ రంగులోకి మార్చి ఆక్సిజన్ మోయనివ్వకుండా చేస్తుంది. ఉప్పులోని క్లోరైడు ఆ నైట్రైటుని మొప్పల్లోకి దూరనివ్వదు. అయోడిన్ కలపని కల్లుప్పు లీటరుకు ఒక గ్రాము లెక్కన కరిగించి పోస్తే గోల్డ్‌ఫిష్ తట్టుకుంటుంది, చాలాసార్లు బతుకుతుంది కూడా. మందు చేతిలోనే ఉంది. చెరువు చుట్టూ తిప్పారు కూడా. తిప్పి, తీసుకెళ్లి రోడ్డు మీద పోశారు!

ఇదంతా మనకి తెలియని విద్యా అంటే, దేశానికి రొయ్యలు పండించి పెట్టేది మనమే. భీమవరం వైపు చెరువు గట్టు మీద కూర్చున్న రైతుని అడగండి. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందో, మబ్బు పట్టిన రోజు మేత ఎందుకు తగ్గించాలో, అమోనియాని పీల్చే జియోలైట్ పొడి ఎప్పుడు చల్లాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. చెరువుకి గాలి కొట్టే ఏరేటరు ఆగితే చొక్కా కూడా వేసుకోకుండా పరిగెత్తుతాడు. ఆయన కొడుకు హైదరాబాద్ మణికొండలో ఇల్లు కట్టుకుని, హాల్లో చేప చచ్చిపోతే గండం పోయిందని ఊరుకుంటాడు. నాన్నగారు అదే మాట అప్పిచ్చిన బ్యాంకు మేనేజరుతో అని చూడాలి, "చెరువంతా తేలిపోయిందండీ, మీ బ్రాంచికి గండం తప్పింది" అని.

కట్టుకోవద్దని ఎవరన్నారు? కట్టుకోండి, చవకగానే అవుతుంది. ముందు నేల సంగతి చూసుకోండి. పది సెంటీమీటర్ల లోతు నీళ్లంటే చదరపు మీటరుకు వంద కిలోలు. ఇళ్లలో గది స్లాబుకి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్కేసే వాడకపు బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. అంటే అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో జానెడు లోతు నీళ్లకే కోటా అయిపోయింది, గోడ బరువు ఇంకా వెయ్యనేలేదు. అప్పుడు గండం నిజంగానే ఉంటుంది, కాకపోతే కింద ఫ్లాటువాళ్లకి. కాబట్టి గ్రౌండ్‌ఫ్లోరులోనే, కింద సెల్లారు లేని చోటే.

లోపలి కొలత ఆరడుగులు, మూడడుగులు, ఎత్తు అడుగున్నర. తొమ్మిదంగుళాల గోడకి మూడొందల యాభై ఇటుక సరిపోతుంది. అంచుకి మూడంగుళాలు వదిలి నింపితే దాదాపు 640 లీటర్లు. లోపల గచ్చు వద్దు, ఎన్ని వాటర్‌ప్రూఫ్ పొడులు కలిపినా వద్దు. ఇప్పటికే చేయించేసుంటే అరటి బోదె ముక్కలు వేసి నింపడం, నాలుగైదు రోజులకి ఖాళీ చెయ్యడం, ఇలా మూడు నాలుగు వారాలు. లేదంటే రైతులు ఫామ్‌పాండ్‌కి వేసే 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు తెచ్చుకోండి. పొడవుకీ వెడల్పుకీ లోతుకి రెట్టింపు, అంచులకి రెండడుగులు కలపాలి. మన కొలతకి పదకొండడుగులు, ఎనిమిదడుగులు వస్తుంది. అడుగున పాత దుప్పట్లు రెండు మడతలు పరవండి, లేకపోతే ఇసుకపలుకు ఒక్కటి చాలు షీటుకి చిల్లు పెట్టడానికి. మూలల్లో ఉత్తరం కవరు మడిచినట్టు మడవాలి. కత్తెర పెట్టారో, హాలంతా ఈశాన్యమే. నీళ్లు నిండి షీటు సర్దుకున్నాకే అంచులు బిగించండి. ముందే బిగిస్తే బరువుకి లాగి మూలల్లో చిరుగుతుంది.

ఫిల్టరు కొనకండి. ఇరవై లీటర్ల పెయింట్ బకెట్ శుభ్రంగా కడిగి, అడుగున గిన్నెలు తోమే నైలాన్ పీచులు, పైన పగిలిన కుండ పెంకులు నింపండి. ఆ బ్యాక్టీరియా కాపురం ఉండేది పెంకుల్లోని సన్నటి రంధ్రాల్లోనే. పంపు గొట్టం బకెట్ అడుక్కి వెళ్లాలి, నీళ్లు పీచు మీదుగా పైకెక్కి, అంగుళంన్నర పీవీసీ గొట్టంలోంచి చెరువులో పడాలి. ముప్పావు అంగుళం గొట్టం పెడితే మొదటిసారి చెత్త అడ్డుపడ్డ రాత్రే బకెట్ పొంగి సోఫా కింద కాలువ పారుతుంది. పంపు డబ్బా మీద గంటకి 1000 లీటర్లని ఉంటే అది సున్నా ఎత్తుకి. మూడడుగులు ఎక్కేసరికి సగమే రావచ్చు, అందుకని 1500 రాసున్నది తీసుకోండి. పాతిక వాట్ల పంపు నెలంతా తిరిగితే 18 యూనిట్లు. ఇన్వర్టరుకి కలపండి, ఎందుకంటే కరెంటు పోయి నీళ్లు కొన్ని గంటలు ఆగితే పెంకుల్లోని బ్యాక్టీరియా ఊపిరాడక చస్తుంది. కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పనిసరి. వైరు ప్లగ్గు కంటే కిందికి ఒకసారి వేలాడి పైకెక్కాలి, లేకపోతే నీటిచుక్క తీగ పట్టుకుని ప్లగ్గులోకే దిగుతుంది.

ఆదివారం పూట ఆ పీచుల్ని గిన్నెల సబ్బుతో తళతళలాడేలా తోమే మహానుభావులున్నారు. ఆరు వారాల కాపురం ఆరు నిమిషాల్లో ఖాళీ! చెరువు నీళ్లే కాసిన్ని బయటికి తీసి, వాటిలో పీచుల్ని పిండి మళ్లీ పెట్టెయ్యాలి, అంతే.

కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరగడానికి వంద లీటర్లకి ఒక గ్రాము హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, వెయ్యండి. పాతకాలం ఫొటో స్టూడియోల్లో వాడిన హైపోయే. బోరు నీళ్లకి అదక్కర్లేదు గానీ ఒక రాత్రంతా గాలి కొట్టాలి, భూమిలోంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. మనీప్లాంటు వేళ్లు బకెట్లోకి వదలండి. ఐశ్వర్యం సంగతి నాకు తెలియదు, నైట్రేటు మాత్రం తాగుతుంది. వారానికి పావువంతు నీళ్లు మార్చి, తీసినవి కరివేపాకు చెట్టుకి పొయ్యండి.

ఇక ముహూర్తం. గుప్పెడు రొయ్యల్ని గుడ్డలో మూటకట్టి చేపల్లేని చెరువులో వేలాడదీయండి. అవి కుళ్లి అమోనియా ఇస్తాయి, దాన్ని తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. నీళ్లు పరీక్షించే చుక్కల మందు కిట్టుతో రెండ్రోజులకోసారి చూస్తే ముందు అమోనియా ఎక్కి దిగుతుంది, తర్వాత నైట్రైటు. రెండూ సున్నాకొచ్చాక మూట తీసేసి మూడు చేపలు వదలండి. రెండు వారాలాగి ఇంకో రెండు. గోల్డ్‌ఫిష్ ఒక్కోదానికి 75 లీటర్లు కావాలి. 640 లీటర్లలో ఎనిమిదే పడతాయి, దిష్టి చేపకి సీటు లేదు. కోయి అడక్కండి, అది రెండడుగులు పెరిగే చేప. చిన్నవి కావాలంటే మన దేశపు రోజీ బార్బ్‌లు, జీబ్రా డానియోలు మన ఉష్ణోగ్రతకి హాయిగా ఉంటాయి. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే. బూరెలు మీరు తినండి.

చివరికి ఆ దుకాణంవాడు కొసరుగా అంటగట్టే సక్కర్ చేప దగ్గరికొద్దాం. "ట్యాంకు క్లీన్ చేస్తుంది సార్, మేత కూడా అక్కర్లేదు." క్లీన్ చెయ్యదు. పాచి కాస్త గీకి, దానికి పదింతలు పెంట పెడుతుంది. మీ తొమ్మిది చేపలూ పోయినా అది పోదు, గాలి మింగి బతకగలదు. వేలెడు పొడవున్నది అడుగున్నర అవుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదికీ జీవకారుణ్యం పుట్టుకొస్తుంది. పాపం, చంపడమెందుకు, కాలువలో వదిలేద్దాం, పుణ్యం వస్తుంది!

ఏం పుణ్యమయ్యా? దక్షిణ అమెరికా చేపని తెచ్చి కృష్ణా కాలువలో వదలడం పుణ్యమా? మన రైతులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. ఒళ్లంతా ముళ్ల పలకలు, వల పడితే వల చిరుగుతుంది, తినేవాడు లేడు, కొనేవాడు లేడు. తూర్పు కనుమల చెరువుల్లో, వాగుల్లో అది ఎంతదూరం పాకిందో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్‌ఏ జాడలు పట్టి మరీ చూపించారు. అది అంత దూరం ఈదుకుంటూ రాలేదు. దుకాణంలో కొన్నారు, బకెట్లో మోసుకెళ్లారు, గట్టు మీద వంచారు. సిగ్గుండాలి! దుకాణంలో వాపసు ఇవ్వండి, తీసుకోకపోతే ఇంకో పెంపకందారుకి ఇవ్వండి, ఎవరూ తీసుకోకపోతే చచ్చేదాకా మీరే మేపండి.

అయినా కాలువ గట్టు మీద కారాపి, బకెట్ వంచి, చేతులు రెండూ జోడించి దణ్ణం పెట్టుకునేవాళ్లు పెట్టుకుంటూనే ఉన్నారు. వాళ్ల గండం నిజంగానే పోయింది. అది ఇప్పుడు కైకలూరులో ఒకాయన వలలో ఉంది.